మోత తగ్గిన కారు

మా పెళ్లయిన మూడో ఏట మా ఆయనకి వాళ్ల పెదనాన్నగారి పాత డీజిల్ కారు వచ్చింది. పెదనాన్నగారు చూపు తగ్గి నడపడం మానేశారు. షెడ్డులో తుప్పు పట్టడం ఎందుకని మాకిచ్చేశారు. పదిహేనేళ్ల బండి. ఇంజను బాగానే ఉండేది కానీ మోత భరించలేని మోత. ఇంజను సంగతి అటుంచితే, తలుపుల రేకులు ఒక రకంగా, డిక్కీ మూత ఇంకో రకంగా, కాళ్ల కింద అడుగు రేకు మరో రకంగా మోగేవి. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడాలంటే అరవాలి. అరిచినా సగం వినపడేది కాదు.

అప్పుడు మేము తాడేపల్లిగూడెంలో అద్దెకుండేవాళ్లం. ఆయన ఏలూరులో ఒక ప్రైవేటు ఆఫీసులో పని చేసేవారు. నేను భీమడోలు దగ్గర ఒక బడిలో టీచర్ని. అంతకుముందు ఇద్దరం పాసింజరు రైల్లో వెళ్లేవాళ్లం. నేను భీమడోల్లో దిగిపోయేదాన్ని, ఆయన ఏలూరు దాకా వెళ్లేవారు. పాప పోయిన తర్వాత డాక్టరుగారు నన్ను కొన్నాళ్లపాటు రైళ్లలో నిలబడి ప్రయాణాలు చేయొద్దన్నారు. అందుకని ఆయన కారు బయటికి తీశారు.

పాప సంగతి ఇక్కడే చెప్పేస్తాను. తొలి కాన్పుకి మా పుట్టింటికి వెళ్లాను. మాది కొల్లేటికోటకి ఇవతల ఒక లంక ఊరు. తొమ్మిదో నెల నిండుతుండగా ఒక పొద్దున్న పాప కదలడం లేదనిపించింది. అమ్మ, నాన్న నన్ను ఏలూరు తీసుకొచ్చారు. ఆపరేషన్ చేసి తీశారు. అప్పటికే ప్రాణం లేదు. నాకు తెలివి వచ్చేసరికి సాయంత్రమైంది. మా ఆయన, నాన్న కలిసి పాపని తీసుకెళ్లి పని పూర్తి చేసి వచ్చేశారు. "చూడకపోవడమే మంచిదమ్మా" అంది పక్క మంచం మీదావిడ. అందరూ అదే అన్నారు. మూడో రోజు నాకు పాలు పడ్డాయి. అమ్మ గుడ్డతో గట్టిగా కట్టింది. ఇంకో వారానికి అవీ ఆగిపోయాయి.

రెండు నెలల తర్వాత నేను బడికి వెళ్లడం మొదలుపెట్టాను. పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. ఇంటికి వచ్చి వంట చేసేదాన్ని. ఎవరేం అడిగినా బదులు చెప్పేదాన్ని. చేతి మీద వేడి నూనె చింది బొబ్బ లేస్తే మర్నాడు చూసుకున్నాను. బాధ తెలియదని కాదు. తెలిసేది, కానీ పక్కింట్లో ఎవరికో అయినట్టు తెలిసేది.

కారు మోత నాకు హాయిగా ఉండేది. ఈ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు. గూడెం నుంచి ఉంగుటూరు మీదుగా భీమడోలు దాకా ఎవరూ నన్నేమీ అడగరు, నేనేమీ చెప్పనక్కర్లేదు. కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చునేదాన్ని. ఆయన రోడ్డు చూసుకుంటూ నడిపేవారు. రెండు వారాలకోసారి ఆదివారం నాడు ఏలూరు మీదుగా కొల్లేటి రోడ్డున మా పుట్టింటికి వెళ్లేవాళ్లం. అప్పుడూ అంతే. వెళ్లేటప్పుడు మాటల్లేవు, వచ్చేటప్పుడు మాటల్లేవు. ఆయనకి పాప మీద పెద్దగా బెంగ లేదనుకున్నాను. మగవాళ్లు కదా, తొందరగా మరిచిపోతారనుకున్నాను. అందుకు కోపం కూడా రాలేదు.

ఆ వేసవిలో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సులోకి చొచ్చుకొచ్చిన చెరువులన్నీ తీసేయాలని ఉత్తర్వులొచ్చాయి. పెద్ద మిషన్లు దిగి ఊరి చుట్టూ ఉన్న గట్లన్నీ తవ్వేశాయి. మా నాన్నకి వాటా ఉన్న చెరువు కూడా పోయింది. అమ్మ ఫోన్లో చెప్పింది. అయ్యో అన్నాను. అన్నానే కానీ నాకేమీ అనిపించలేదు. ఫోను పెట్టేసి వెళ్లి బియ్యం కడిగాను.

బడికి సెలవులిచ్చారు. ఒకరోజు అన్నం తింటూ మా ఆయన అన్నారు: "కారు మోత తగ్గిద్దామనుకుంటున్నాను."

"ఎందుకండీ?"

"మోత తగ్గితే ఏమైనా మాట్లాడుకోవచ్చు కదా. ఏడాది కావస్తోంది, దార్లో నువ్వు ఒక్క మాటైనా అన్నావా?"

వద్దని చెప్పాలనిపించింది. ఎందుకు వద్దో చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాను.

మొదట ఆయనే సొంతంగా మొదలుపెట్టారు. చేపల ఎగుమతి చేసే స్నేహితుడి దగ్గర విరిగిపోయిన థర్మాకోల్ పెట్టెలు తెచ్చి, ముక్కలు కోసి, తలుపుల లోపలి అట్టలు విప్పి వాటిలో కుక్కారు. బండి కదలగానే ఆ ముక్కలు రేకుకి రాసుకుని కీచుకీచుమన్నాయి. ఉన్న మోతకి ఇదొకటి తోడైంది. రెండు రోజులు చూసి అన్నీ లాగి పారేశారు. వాకిట్లో తెల్లటి గుండ్లు వారం రోజులు ఊడ్చాను.

తర్వాత కొత్త కార్లకి సామాన్లమ్మే దుకాణంలో అడిగారు. మోత తగ్గడానికని కంపెనీలు తయారుచేసే షీట్లు ఉన్నాయట. ఒక వైపు వెండి రేకు, ఒక వైపు జిగురు. కారంతా వేయాలంటే ఆ కారుని అమ్మినా అంత రాదు. "మా బోటివాళ్లకి కాదులే" అని వచ్చేశారు. ఆ దుకాణంలో పని చేసే ఒకాయన ఏలూరులో కారు సీట్లు కుట్టే సాయిబుగారి సంగతి చెప్పాడట. ఒక సోమవారం అక్కడికి వెళ్తూ నన్ను కూడా రమ్మన్నారు. ఇంట్లో చేసే పనేమీ లేదు కనుక వెళ్లాను.

సాయిబుగారికి అరవై దాటి ఉంటాయి. వాళ్ల పెద్దలంతా తివాచీలు నేసినవాళ్లు. ఆయన కూడా చిన్నప్పుడు మగ్గం మీద కూర్చున్నవారే. గిరాకీ తగ్గాక సీట్ల పనిలోకి వచ్చారు. ముందు గదిలో పని, వెనక గదిలో కాపురం. ఆయన భార్య కుట్టుమిషను మీద సీటు కవర్లు కుడుతోంది.

ఆయన ముందు కారెక్కి పక్క వీధి చివరిదాకా నడిపించి చూశారు. దిగి, డ్రైవరు వైపు తలుపు మీద వేలి కణుపుతో కొట్టారు. టంగుమంది.

"విన్నారా సార్? గంటలాగా మోగుతోంది. ఇది మోగకుండా చేయాలి ముందు. మీరు లోపల పరుపు పరిచినా ఇది మోగుతూనే ఉంటాది."

లోపలికి వెళ్లి చాప మీద నాలుగు రకాలు పరిచారు. నన్ను కూడా కూర్చోమన్నారు. "చెయ్యి పెట్టి చూడండమ్మా" అన్నారు. ఒకటి పసుప్పచ్చ స్పాంజి. ఒకటి శ్లాబు కారకుండా డాబాల మీద పరిచే నల్లటి తారు షీటు, అందులోనే రెండు రకాలు. ఇంకొకటి జనపనారని అదిమి దుప్పటిలా చేసిన దళసరి ఫెల్టు. పక్కన తివాచీ ముక్కలు కొన్ని.

మా ఆయన స్పాంజి పట్టుకుని నొక్కి చూశారు. మెత్తగా ఉంది, ఖరీదూ తక్కువ.

"అది వద్దు సార్. ఎటు వెళ్తారు మీరు?"

"గూడెం నుంచి ఏలూరు. ఆదివారాలు కొల్లేటి వైపు."

"మరి అక్కడ చెమ్మ ఎంత ఉంటాదో మీకు తెలీనిదా? వానాకాలం రోడ్డు మీదే నీళ్లు. స్పాంజి నీళ్లు తాగి ఆరదు. కిందనుంచి రేకు తినేసుద్ది. పై నుంచి చూస్తే బానే ఉంటాది, ఒకరోజు కాలు పెడితే రోడ్డు కనపడుద్ది."

తారు షీటు ముక్క అరచేయంత కోసి, తలుపు లోపలి రేకు మధ్యలో అదిమి పట్టుకుని మళ్లీ కొట్టారు. ఈసారి టంగుమనలేదు. చెక్క మీద కొట్టినట్టు టప్పుమంది. మా ఆయన కూడా కొట్టి చూశారు. నన్నూ కొట్టమన్నారు. కొట్టాను.

"రేకంతా అంటించాల్సిన పని లేదు సార్. వణికేది నడిమధ్యన. అక్కడ బరువు పడితే చాలు. మూడో వంతు వేయండి, సరుకు కలిసొస్తాది. దాని మీద ఈ ఫెల్టు. తలుపుల అంచులకి కొత్త రబ్బరు. సగం మోత ఆ సందుల్లోంచే వస్తాది."

"తారు వాసన రాదా? ఎండకి కరగదా?" అని అడిగారు మా ఆయన.

"అదే కదా చూడాలి. తొందరపడకండి. రెండు రకాలూ రేకుకి అంటించి గోడకి నిలబెడతాను. ఈ ఎండల్లో వారం రోజులు ఉండనివ్వండి. వచ్చే సోమవారం మీరే చూసి చెప్పండి, ఏది కావాలో."

గట్లు కొట్టేసిన దగ్గర్నుంచి మేము మా ఊరు వెళ్లలేదు. ఏదో ఒక అడ్డు వచ్చేది. ఆ ఆదివారం ఆయన ఒంట్లో బాగాలేదన్నారు. నేను అడగలేదు.

మరుసటి సోమవారానికి గోడ మీద ఒక షీటు జారి, రేకు కింద నల్లటి ముద్దలా వేలాడుతోంది. ఇంకొకటి పెట్టినచోటే ఉంది. మా ఆయన ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశారు. "ఏదమ్మా?" అని సాయిబుగారు నన్నడిగారు. కారకుండా ఉన్నదాన్ని చూపించాను. ఆ ఎంపికలో ఆలోచించడానికేమీ లేదు. అయినా ఏడాదిలో నేను ఇది కావాలని చూపించినది అదొక్కటే.

పని రెండు రోజులు పట్టింది. సీట్లు పీకేశారు. కాళ్ల కింది పాత చాప తీస్తే అడుగున తుప్పు, ఎప్పటివో వడ్ల గింజలు, ఒక దువ్వెన. తుప్పుని గరుకు కాగితంతో రుద్ది, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, రంగు పూశారు. మా ఆయన సెలవు పెట్టి ఆయనతో పాటు రుద్దారు. నేను లోపలి గదిలో కూర్చున్నాను. సాయిబుగారి భార్య ఫెల్టు కొలత ప్రకారం కోస్తోంది.

"ఆ చివర పట్టుకోమ్మా, జారిపోతోంది" అంది. పట్టుకున్నాను. దళసరిగా, గరుగ్గా ఉంది, గోనెసంచి వాసన. ఆవిడ పెద్ద కత్తెరతో కోస్తూ వచ్చింది.

"పిల్లలెందరమ్మా?"

"లేరండీ."

ఆవిడ నా మొహంలోకి చూసింది.  కోసిన ముక్క మడిచి నా ఒళ్లో పెట్టి ఇంకొకటి పరిచింది. మధ్యాహ్నం దాకా ఆవిడ కోసింది, నేను పట్టుకున్నాను. తర్వాత ఆవిడే అప్పడాల కర్ర తీసుకుని బయటికి వెళ్లి, ఎండలో వేడెక్కిన తారు షీటుని రేకుకి గాలి లేకుండా ఒత్తింది. ఆ పని చేతికి బాగా వచ్చినదానిలా ఒత్తింది. నాకు కూడా ఒకసారి ఇచ్చింది. వెనక సీటు కింద ఒక ముక్క నేను ఒత్తాను.

రెండో రోజు సాయంత్రం గూడెం వెళ్తుంటే కారు వేరే కారులా ఉంది. ఇంజను వినపడుతోంది, కానీ దూరంగా, ముందు వెళ్తున్న బండిలోదేమో అన్నట్టు. రేకులు మోగడం లేదు. మలుపు తిరిగేటప్పుడు లైటు టిక్కుటిక్కుమనడం మొదటిసారి విన్నాను. తారు వాసన కొద్దిగా వచ్చింది, నెలకి అదీ పోయింది.

"బాగుందా?" అన్నారు ఆయన, మామూలు గొంతుతో.

"బాగుందండీ."

అంతే. నేను ఇంకేమైనా అంటానేమోనని ఉంగుటూరు దాటేదాకా ఆయన చూశారని నాకు తెలుసు.  దాక్కోడానికి ఉన్న చోటు తీసేసినట్టుంది. కిటికీ అద్దం దించి గాలి చప్పుడు రానిచ్చాను. 

ఆదివారం మా ఊరికి బయల్దేరాం. ఏలూరు దాటాక దుమ్ముగా ఉందని అద్దాలు ఎత్తేశాం. ఊళ్లు అయిపోయి రోడ్డుకి రెండు వైపులా కొల్లేరు మొదలైంది. ఇదివరకు చెరువుల గట్లు అడ్డంగా, కొబ్బరి మొక్కలతో వరసగా కనపడేవి. ఇప్పుడు అవి లేవు. ఎటు చూసినా చదునుగా నీళ్లూ బురదా. కొంగలు చాలా ఉన్నాయి.

అప్పుడు వినపడింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత, లోపలికి పీల్చిన ఊపిరి మధ్యలో తెగిన చప్పుడు. ఆయన వైపు తిరిగాను. రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. చెంపల మీదనుంచి నీళ్లు కారి చొక్కా కాలరు తడిసి ఉంది.

"ఏమైందండీ?"

"ఏం లేదు."

"ఎప్పుడూ ఇలాగేనా?"

భుజానికి చెంప తుడుచుకుని అన్నారు. "ఈ దార్లో వస్తే ఆగదు. మోతలో నీకు తెలిసేది కాదు."

పది నెలల పాటు నేను ఆయన పక్కనే కూర్చున్నాను. అద్దంలోంచి బయటికి చూస్తూ. నాకు తెలియదు.

అప్పుడు అడిగాను. ఎందుకు అప్పుడు అడిగానో, అంతకుముందు ఎందుకు అడగలేదో చెప్పలేను.

"పాపని ఎక్కడ పెట్టారండీ?"

వెనక లారీ వస్తుంటే దాన్ని పోనిచ్చి, బండి పక్కకి తీసి ఆపారు. ఇంజను కూడా ఆపేశారు.

"మీ నాన్నగారి చెరువు గట్టు మీద. తూర్పు మూల. నీడ ఉంటుందని రెండు కొబ్బరి మొక్కల మధ్య పెట్టాం."

"గట్టు కొట్టేశారు కదా?"

"ఊఁ."

ఆయనే చెప్పారు. "మిషన్లు వెళ్లిపోయిన మర్నాడు వచ్చాను. నీకు ఆఫీసు పనని చెప్పాను. మీ నాన్నగారు, నేను వెళ్లి నిలబడ్డాం. ఎక్కడో గుర్తు పట్టలేకపోయాం. ఆయన ఇదిగో ఇక్కడ అంటారు, నేను కాదు ఇంకా అటు అంటాను. మొక్కలు కూడా లేవు. ముందే తీసి ఇంకోచోట పెడదామా అని మీ నాన్నగారు అడిగారు. నేనే వద్దన్నాను. మళ్లీ తవ్వి చూసే ధైర్యం లేకపోయింది నాకు." స్టీరింగు మీదనుంచి చేతులు తీసి, "నీకెలా చెప్పాలో తెలియలేదు. నువ్వు ఎప్పుడూ అడగలేదు కూడా" అన్నారు.

నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూశాను, రాలేదు.  సీసాలో నీళ్లు తాగి, ఆయనకి ఇచ్చాను. ఆయన కూడా తాగారు.

"నన్ను అక్కడికి తీసుకెళ్లండి" అన్నాను.

నాన్న మాతో వచ్చాడు. ఊరి చివర కారు ఆపి, మిగిలిన గట్టు ముక్క మీద నడిచి వెళ్లాం. అది నలభై అడుగుల తర్వాత తెగిపోయింది. అక్కడినుంచి నీళ్లు. నాన్న చెయ్యెత్తి చూపించాడు.

"అదిగోనమ్మా, ఆ తూడు మొక్కలు పెరిగిన కాడ. అటూ ఇటూగా."

"ఎంత లోతు?"

"ఇప్పుడు మోకాలి లోతే. వానలు పడితే పెరుగుద్ది."

మేము ముగ్గురం నిలబడ్డాం. మా ఆయన చెప్పులు విప్పేశారు. నేను నాన్న చూపించిన చోటుకేసి చూశాను. అక్కడ ప్రత్యేకంగా ఏమీ లేదు. నీళ్లు కదులుతున్నాయి, గాలికి. ఒక పిల్లకి అమ్మనని నాకు అనిపించాలి కదా అనుకున్నాను. ఎండ మాడు మీద చురుక్కుమంది. నాన్న తన తువ్వాలు తీసి నా తల మీద వేశాడు. చెరువు పోయిన దగ్గరనుంచి ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదని అమ్మ చెబుతూ ఉండేది. ఆ గట్టు మీద ఆయనకి పోయింది చెరువొక్కటే కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ వంట చేసి పెట్టింది. కొర్రమీను పులుసు. నాన్న, మా ఆయన అరుగు మీద కూర్చున్నారు. నేను వంటింట్లో అమ్మ పక్కన పీట వేసుకున్నాను.

"పాపకి స్నానం ఎవరు చేయించారమ్మా?"

అమ్మ చేతిలో గరిటె ఆగింది. వాకిలి వైపు చూసింది, మా ఆయన వింటున్నారేమోనని. తర్వాత నెమ్మదిగా కూర్చుంది.

"నేనే చేయించాను. ఆసుపత్రిలోనే. గోరువెచ్చటి నీళ్లు అడిగి తెప్పించాను."

"ఎలా ఉంది?"

"జుట్టు ఒత్తుగా ఉందమ్మా, చెవుల దాకా. గోళ్లు కూడా పెరిగాయి. నోరు నీదే." అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నువ్వు కుట్టిన పసుప్పచ్చ చొక్కా తొడిగాను. కాస్త వదులైంది."

ఆ చొక్కా ఏమైందోనని ఎన్నోసార్లు అలమారలో వెతికాను. ఎవర్నీ అడగలేదు.

అమ్మ అన్నం వడ్డించింది. పులుసులో ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఉప్పు ఎక్కువైందని చెప్పాను. అమ్మ నా వైపు వింతగా చూసి, అవునా అని, వేలితో రుచి చూసింది. అవునంది. ఇంకో గరిటె అన్నం అడిగి వేయించుకుని తిన్నాను.